సరిచూసినవారు

(విశాఖపట్నంలో జరిగిన స్మారకోపన్యాస సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ హాల్లో సగంమంది మా డ్రాయింగు ఆఫీసు మాస్టారి దగ్గర చీవాట్లు తిన్నవాళ్లే. మిగతా సగం, ఆ తిన్నవాళ్ల పిల్లలు. కాబట్టి ఆయన ఎలాంటి మనిషో నేను చెప్పక్కర్లేదు. డ్రాయింగు కాగితానికి కుడిచేతివైపు అడుగున ఉండే చిన్న పట్టిక సంగతి మాత్రం చెప్తాను. అందులో మూడు గళ్లు ఉంటాయి. గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. మొదటి గడిలో సంతకం పెట్టి మేం కుర్రాళ్లం మురిసిపోయేవాళ్లం. మూడో గడిలో పెద్దాఫీసర్లు పెట్టేవారు. మాస్టారు పదవీకాలమంతా మధ్యగడిలోనే గడిపేశారు. "ఓడ బాగా తేలితే మూడో గడివాడికి దండ పడుద్ది. తేలకపోతే మొదటి గడివాడు వేరే ఉద్యోగం సూసుకుంటాడు. నిద్ర పట్టంది నాకే బాబూ" అనేవారు.

యుద్ధనౌకల రూపకల్పనలో, వాటి పోరాట వ్యవస్థల్లో రక్షణ కంపెనీల పాత్ర గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. సముద్రమంత విషయం. నేను ఒక్క కంపెనీని, అమెరికాలోని లాక్‌హీడ్ మార్టిన్‌ని పట్టుకుని, అందులోనూ ఆ మధ్యగడి ఎవరి చేతిలో ఉందన్నదొక్కటే చూస్తాను.

కాంట్రాక్టరంటే మనకి ముందు రోడ్డు కాంట్రాక్టరే గుర్తొస్తాడు. మన పి.డబ్ల్యు.డి. వాళ్లని ఎన్ని మాటలన్నా, తెల్లదొరల కాలంనుంచీ వాళ్ల దగ్గర ఎం-బుక్కు అని ఒకటుంది. జరిగిన పనిని ప్రభుత్వ ఇంజనీరు తానే వెళ్లి, టేపు పట్టి, కొలిచి అందులో రాయాలి. కాంట్రాక్టరు చెప్పిన కొలతలు రాయకూడదు. దాన్ని ఎంత నిజాయతీగా రాస్తున్నారన్నది వేరే సభలో మాట్లాడుకుందాం. పుస్తకం ఎవరి చేతిలో ఉండాలో మాత్రం ఆ రోజుల్లోనే తేల్చేశారు.

సరే, ఓడల్లోకి వద్దాం. 1967 అక్టోబరు 21న పోర్ట్ సయీద్ దగ్గర ఈజిప్టు చిన్న పడవలు ప్రయోగించిన సోవియట్ స్టిక్స్ క్షిపణులు తగిలి ఇజ్రాయెల్ డిస్ట్రాయర్ ఐలాత్ మునిగిపోయింది. మన వాళ్లు 1971 డిసెంబరు 4 రాత్రి కరాచీమీద వాడినవీ ఆ స్టిక్స్‌లే. పెద్ద ఓడని చిన్న పడవ ముంచెయ్యగలదని తెలిశాక అన్ని నౌకాదళాలకీ గుండె జారింది. దాదాపు ధ్వనివేగంతో వచ్చేది కంటపడ్డాక మిగిలేది ఒకటి రెండు నిమిషాలు. అప్పటికి చాలా ఓడల్లో జరుగుతున్నదేమిటంటే, రాడార్ గుండ్రంగా తిరుగుతూ చూస్తుంది, ఒకాయన అద్దంమీద పెన్సిలుతో చుక్కలు పెడతాడు, ఇంకొకాయన ఫోనులో అరుస్తాడు. ఒక్కటి వస్తే ఏదోలా నెట్టుకొస్తారు. ఇరవై కలిసొస్తే?

దానికి అమెరికా నౌకాదళం వెతుక్కున్న జవాబు పేరు ఏజిస్. తిరిగే రాడార్ బదులు ఓడ నాలుగు ముఖాలకీ నాలుగు పెద్ద ఎనిమిది కోణాల పలకలు బిగిస్తారు. పలక కదలదు, దాన్నుంచి వెళ్లే కిరణాన్ని కంప్యూటరు తిప్పుతుంది. చూడటం, గుర్తుపట్టడం, ఏది ముందు ముంచుకొస్తోందో లెక్కగట్టడం, క్షిపణి వదలడం అన్నీ ఒకే గొలుసు. కంబాట్ సిస్టమ్ అంటే ఈ గొలుసు. తుపాకులు, క్షిపణులు అందులో చివరి లంకెలు మాత్రమే.

1969 డిసెంబరులో ఆ కాంట్రాక్టు దక్కిన కంపెనీ ఆర్.సి.ఏ. గ్రామఫోను ముందు చెవి రిక్కించి కూర్చున్న కుక్క బొమ్మ గుర్తుందా? మన తాతలనాటి హెచ్.ఎం.వి. రికార్డులమీద ఉండే కుక్కే. అమెరికాలో అప్పట్లో ఆ బొమ్మ ఆర్.సి.ఏ. వాళ్లది. 1929లో విక్టర్ కంపెనీని కొన్నప్పుడు దానితోపాటు వచ్చింది. న్యూజెర్సీలో కామ్డెన్‌లో పాటల పెట్టెలు, కాస్త దూరంలో మూర్స్‌టౌన్‌లో రాడార్లు. 1986లో ఆర్.సి.ఏ.ని జనరల్ ఎలక్ట్రిక్ కొంది. 1993లో ఆ విభాగం మార్టిన్ మారియెటాకి పోయింది. 1995లో మార్టిన్, లాక్‌హీడ్ కలిసి లాక్‌హీడ్ మార్టిన్ అయ్యాయి. గేటుమీద బోర్డు మారింది, ఇంజనీర్ల మెడలో బ్యాడ్జీలు మారాయి, పని అదే పని. కుక్క ఒక్కటే వెనకపడింది. అది ఏ యజమాని గొంతు వింటున్నట్టో నాకిప్పటికీ సందేహమే.

ఆ మూర్స్‌టౌన్‌లో చూడాల్సిన వింత ఒకటుంది. సముద్రానికి దూరంగా, పొలాల మధ్య, ఓ భవనం నెత్తిమీద యుద్ధనౌక పైభాగం కూర్చుని ఉంటుంది. దానికి జనం పెట్టిన పేరు 'మొక్కజొన్న చేలో క్రూయిజర్'. వెక్కిరింతగా పెట్టినా ఏజిస్ విజయరహస్యం అందులోనే ఉంది. ఓడలో పెట్టబోయే ప్రతి పెట్టెనీ, ప్రతి తీగనీ, ప్రతి ప్రోగ్రామునీ ముందు నేలమీద కలిపి చూశారు. అదీ చాలక 1974లో నార్టన్ సౌండ్ అనే పాత ఓడలో పెట్టి సముద్రంలో చూశారు. మొదటి అసలు ఏజిస్ ఓడ టికాండెరోగా నౌకాదళంలో చేరింది 1983 జనవరి 22న. పదమూడేళ్లు. ఈ రోజుల్లో ఏ మంత్రికైనా చెప్పి చూడండి, పదమూడేళ్లని!

ఇదంతా కంపెనీ బుద్ధిగా చేసిన పనా? కాదు. వేన్ మేయర్ అనే నౌకాదళ అధికారి 1970లో ఏజిస్ పగ్గాలు పట్టుకుని పదమూడేళ్ల పాటు వదల్లేదు. మన దగ్గర ఏ ఇంజనీరు ఒక కుర్చీలో అన్నాళ్లు ఉంటాడు? అంతకుముందు అమెరికాలో ఓడ దేహం ఒక ఆఫీసుది, ఆయుధాలు ఇంకో ఆఫీసువి. పెళ్లిలో మగపెళ్లివారూ ఆడపెళ్లివారూ ఉన్నట్టుండేవారు. మేయర్ హయాంలో ఓడా, ఆయుధమూ ఒకే ఆఫీసు కిందికి వచ్చాయి. కంపెనీ ఇచ్చిన ప్రోగ్రాముని సరిచూడటానికి వర్జీనియాలో డాల్‌గ్రెన్‌లో నౌకాదళం సొంత మనుషులుండేవారు. కంపెనీ ఇంజనీర్లకంటే వీళ్లు తెలివైనవాళ్లని నేననను. కానీ కంపెనీవాడు 'అయిపోయింది' అన్నప్పుడు 'ఎక్కడ, చూపించు' అనగలిగేంత తెలిసినవాళ్లు.

ఇక రాడార్ ఓడ ఆకారాన్ని ఎలా శాసిస్తుందో చెప్తాను, నా వృత్తి అదే కాబట్టి కాస్త ఓపిక పట్టండి. నెత్తిన నీళ్లబిందె పెట్టుకున్న మనిషి ఎలా నడవాలో బిందె చెప్తుంది. ఆ నాలుగు పలకలూ బరువు, ఎత్తులో ఉండాలి, వాటికి కరెంటు కావాలి, చల్లబరచడానికి నీళ్లు కావాలి. టికాండెరోగాకి కొత్త దేహం గియ్యలేదు. అంతకుముందున్న స్ప్రూయెన్స్ డిస్ట్రాయర్ దేహంమీదే ఈ బిందె ఎత్తారు. పైబరువు తగ్గించడానికి పైకట్టడం అల్యూమినియంతో చేశారు. తర్వాత ఆ అల్యూమినియంలో పగుళ్లు వచ్చి నౌకాదళాన్ని ఏళ్ల తరబడి ఏడిపించాయి. ఆ పాఠాలన్నీ 1991 జూలై 4న చేరిన ఆర్లీ బర్క్‌లో కనిపిస్తాయి. వెడల్పాటి దేహం, ఉక్కు పైకట్టడం, మొదటినుంచీ ఆ రాడార్‌ని దృష్టిలో పెట్టుకునే గీసిన గీతలు. అంటే కంబాట్ సిస్టమ్ ఇచ్చే కంపెనీ గీత గియ్యకపోయినా ఓడని సగం ఆ కంపెనీయే గీసినట్టు. జపాను 1993లో కొంగో ఓడతో, స్పెయిన్ 2002లో అల్వరో డి బజాన్‌తో ఏజిస్ తీసుకున్నాయి. వాటి పైభాగాలు చూడండి, ఎవరి పోలికలో తెలుస్తాయి.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడం కష్టం.

1988 జూలై 3. హోర్ముజ్ జలసంధి. విన్సెన్స్ అనే ఏజిస్ క్రూయిజరు ఇరాన్ గస్తీ పడవలతో కాల్పుల్లో ఉంది. బందర్ అబ్బాస్‌లో లేచి దుబాయి వెళ్తున్న ఇరాన్ ఎయిర్ 655 విమానాన్ని మీదికొస్తున్న యుద్ధవిమానం అనుకుని రెండు క్షిపణులు వదిలింది. 290 మంది చనిపోయారు. అందులో అరవై ఆరుగురు పిల్లలు. పదిమంది మన భారతీయులు.

తర్వాత జరిగిన విచారణలో తేలింది, యంత్రం సరిగ్గానే పనిచేసిందని. టేపుల్లో విమానం ఎత్తుకి ఎక్కుతూనే ఉంది. కంట్రోలు గదిలో మనుషులు మాత్రం దిగుతోందని అరిచారు. భయం, తొందర, ముందే మనసులో నాటుకున్న అనుమానం. అన్నీ నిజమే. కానీ నేను డ్రాయింగు మనిషిని, నా కళ్లు తెరమీదికి పోతాయి. ముందున్న పెద్ద తెరలమీద విమానం ఎక్కుతోందో దిగుతోందో ఉండేది కాదు. పక్కన చిన్న తెరలో ఎత్తు అంకె ఒక్కటే. దాన్ని చూసి, గుర్తుపెట్టుకుని, కొన్ని సెకన్లాగి మళ్లీ చూసి, మనసులో తీసివేత చెయ్యాలి. చుట్టూ ఫిరంగులు పేలుతుండగా! ఇంకొకటి. ఆ విమానానికి ముందు 4474 అని నంబరు పడింది. తర్వాత వ్యవస్థ దాన్ని పక్క ఓడ ఇచ్చిన 4131లో కలిపేసింది. ఖాళీ అయిన 4474 ఎక్కడో దూరంలో దిగుతున్న అమెరికా సొంత విమానానికి వెళ్లింది. కెప్టెన్ 4474 ఏం చేస్తోందని అడిగాడు. దిగుతోందని జవాబొచ్చింది.

తెరమీద ఒక బాణం గుర్తు పైకో కిందికో ఉండుంటే? ఆ బాణం వద్దని ఎవరూ ప్రత్యేకంగా అనుకుని ఉండరు. అది ఎవరి జాబితాలోనూ లేదంతే. కంపెనీ అడిగింది ఇచ్చింది. నౌకాదళం అడిగింది పరీక్షించింది. ఏజిస్‌లాంటి గొప్ప పనిలో కూడా మధ్యగడివాడి కన్ను పడని మూల ఒకటి మిగిలిపోయింది. మాస్టారు ఈ సంగతి పేపర్లో చదివిన రోజు మాతో ఏమీ అనలేదు. డ్రాయింగు ఆఫీసులో ఆ వేళ టీ కూడా తాగలేదు.

ఆ మధ్యగడినే కంపెనీకి ఇచ్చేస్తే ఏమవుతుందో ఇక చూద్దాం.

2002లో అమెరికా కోస్ట్ గార్డ్ డీప్‌వాటర్ అనే పెద్ద పథకం మొదలెట్టింది. లాక్‌హీడ్ మార్టిన్, నార్త్రప్ గ్రమ్మన్ కలిసి పెట్టిన సంస్థకి మొత్తం అప్పజెప్పింది. ఏం కొనాలో, ఎవరిదగ్గర కొనాలో, కొన్నది సరిగ్గా ఉందో లేదో, చాలావరకు వాళ్లే చూసుకోవాలి. ఎం-బుక్కు కాంట్రాక్టరు చేతికిచ్చి, కొలత నువ్వే రాసుకో నాయనా అన్నట్టు. మొదటి పని, 110 అడుగుల పాత గస్తీ పడవల్ని 123 అడుగులకి సాగదీయడం. వెనకనుంచి చిన్న బోటుని జార్చడానికి జారుబల్ల కావాలి కాబట్టి ఆ పొడుగు.

ఓడని పొడిగించడం అంటే చొక్కా చేతులు పొడిగించడం కాదు. కావడి చూశారు కదా, రెండు కొనల్లో బిందెలు వేలాడుతుంటే మధ్యలో భుజం. ఓడ నడుం కింద అల ఉండి రెండు కొనల కిందా పల్లం ఉంటే ఓడ కావడిబద్దే. కొనలు రెండూ వంగుతాయి. బద్ద పొడుగైతే వంపు ఇంకా ఎక్కువ. ఆ వంపుని తట్టుకునే సత్తువని మేం ఓడ అడ్డకోతలో రేకుల మందం, డెక్కు ఎత్తు పట్టి లెక్కేస్తాం. మా చదువులో మొదటి ఏడాది లెక్క ఇది. ఆ పడవల్లో అసలు సత్తువ లెక్కలో చూపినదానికంటే బాగా తక్కువుంది. 2004లో మొదటి పడవ మెటగోర్డా డెక్కు ముడతలు పడింది. అతుకులు వేశారు, ఆంక్షలు పెట్టారు. 2006 నవంబరు ఆఖరికి ఎనిమిది పడవల్నీ పక్కన పెట్టేశారు. మిగతావాటిని సాగదీసే ఆలోచన అంతకుముందే మానుకున్నారు.

పడవల్ని కోసి అతికింది లాక్‌హీడ్ కాదు, వేరే యార్డు. లాక్‌హీడ్ వాటా ఎలక్ట్రానిక్సు. అక్కడా కథ సుఖంగా లేదు. ఆ కంపెనీలో ఇంజనీరుగా ఉన్న మైకేల్ డికోర్ట్ లోపాల గురించి పైవాళ్లకి చెప్పి చెప్పి విసిగి 2006లో యూట్యూబులో వీడియో పెట్టాడు. అగ్గి అంటుకుంటే పొగ తక్కువ వచ్చే రకం కేబుళ్లు వెయ్యలేదన్నాడు, పైన బిగించిన పరికరాలు వాతావరణానికి తట్టుకోవన్నాడు. 2007లో ప్రభుత్వ తనిఖీ నివేదిక ఆ రెండు విషయాల్లో ప్రమాణాలు తప్పాయని రాసింది. ఆ ఏప్రిల్‌లో కోస్ట్ గార్డ్ తన మధ్యగడిని తాను వెనక్కి తీసుకుంది.

ఆ కాలంలోనే అమెరికా నౌకాదళం తీరప్రాంత యుద్ధనౌకలు మొదలెట్టింది. ఓడ ఇలా ఉండాలని తాను గియ్యకుండా, ఇంత వేగం, ఇంత లోతు అని కోరికలు రాసి కంపెనీల జట్లకిచ్చింది. సొంత యార్డు లేని లాక్‌హీడ్ ఒక జట్టుకి నాయకుడు. విస్కాన్సిన్‌లో మారినెట్ యార్డు కట్టింది, గిబ్స్ అండ్ కాక్స్ గీసింది. ఫ్రీడం అనే మొదటి ఓడ 2008 నవంబరులో వచ్చింది. 22 కోట్ల డాలర్లలో అవుతుందన్నది 50 కోట్లు దాటింది. డిజైను పూర్తికాకుండానే రేకులు కోస్తే ఇంతే; ఈ సంగతి మన యార్డుల్లో ఏ ఖలాసీనడిగినా చెప్తాడు.

నలభై నాట్ల పైన వేగం కావాలన్నది మాత్రం నౌకాదళమే, కంపెనీ కాదు. ఆ వేగం కోసం రెండు డీజిలు ఇంజన్లు, రెండు గ్యాస్ టర్బైన్లు. ఎద్దునీ గుర్రాన్నీ ఒకే కాడికి కట్టి, అవసరాన్నిబట్టి ఎద్దే లాగాలి, లేదా రెండూ కలిసి లాగాలి అంటే ఆ కాడి ఎంత గట్టిగా, ఎంత తెలివిగా ఉండాలి? ఆ కాడి పేరు కంబైనింగ్ గేరు. 2015 నవంబరు 21న నౌకాదళంలో చేరిన మిల్వాకీ, సరిగ్గా ఇరవై రోజులకి నూనె వడపోతల్లో లోహపు రజను నిండి ఆగిపోయింది. తాడు కట్టి వర్జీనియా రేవుకి ఈడ్చుకెళ్లారు. ఇదే జాతి ఓడలన్నిటికీ ఆ గేరు తలనొప్పే. 2021లో కొత్తవాటిని తీసుకోవడం కొన్నాళ్లు ఆపేసింది నౌకాదళం. 2018లో చేరిన సూ సిటీ అనే ఓడ 2023లోనే ఇంటికి పోయింది. అయిదేళ్లు కూడా నిండలేదు. మన సిటీబస్సు అంతకంటే ఎక్కువ నడుస్తుంది.

ఏజిస్ కట్టిన కంపెనీయే కదా ఇది. ఇంజనీర్లకి మతిపోయిందా? 1990లలో అమెరికా నౌకాదళం తన సొంత డిజైను మనుషుల్ని బాగా తగ్గించుకుంది. అవతల కూర్చుని 'ఎక్కడ, చూపించు' అనేవాడు లేకపోతే ఎంత మంచి కంపెనీ అయినా తన లెక్కని తానే నమ్మేస్తుంది. మోసం అక్కర్లేదు, నమ్మకం చాలు.

మన సంగతి చెప్పకపోతే మాస్టారికి కోపమొస్తుంది. 1983 డిసెంబరులో మన నౌకాదళంలో చేరిన గోదావరి ఫ్రిగేటుని గీసింది నౌకాదళం సొంత డిజైను విభాగమే. అందులో సోవియట్ క్షిపణులు, యూరపు రాడార్లు, ఇటలీ కంప్యూటరు. ప్రచ్ఛన్నయుద్ధం రోజుల్లో వీటిని ఒకచోట కలపడానికి ఏ దేశం కంపెనీ వస్తుంది? ఇద్దరు సవతుల్ని ఒకింట్లో కాపురం పెట్టించినట్టు మన వాళ్లే కూర్చుని తీగకి తీగ, సంకేతానికి సంకేతం కలిపారు. అదేదో దూరదృష్టి అని నేను పొగడను. గతిలేక చేశారు. కానీ గతిలేక నేర్చుకున్నదే ఇంటి ఆస్తి అయింది. 2021 నవంబరులో చేరిన మన ఊరిపేరు ఓడ ఐ.ఎన్.ఎస్. విశాఖపట్నాన్ని కట్టింది ముంబయి మజగాన్ డాక్, మాస్తుమీద నాలుగు పలకల రాడార్ ఇజ్రాయెల్‌ది, గీతలు మాత్రం నౌకాదళానివి. హైదరాబాదు పక్కన ఆదిభట్లలో మన పిల్లలు టాటా వారితో కలిసి లాక్‌హీడ్ రవాణా విమానాలకి తోకలు చేస్తున్నారు. మంచిదే. చెయ్యడం నేర్చుకుంటారు. సరిచూడటం కూడా అడిగి నేర్చుకోమంటాను.

చివరిగా నా సొంత అనుభవం ఒకటి, కంపెనీ పేరు లేకుండా.

నేను చేరిన కొత్తలో ఓ ఓడకి ఎలక్ట్రానిక్ క్యాబినెట్లు రావాలి. సరఫరా చేసే కంపెనీ కొలతల కాగితం పంపింది. ఎత్తు, వెడల్పు, లోతు, బరువు, కాళ్ల బోల్టులు. నేను ఆ గదిలో గీసి ఇచ్చాను, అన్నీ అతికాయి. మాస్టారు కాగితం పక్కన పెట్టి వడ్రంగి షాపుకెళ్లారు. ఆ కొలతలకి ప్లైవుడ్డుతో డొల్ల పెట్టె కొట్టించి, కబ్జాలు బిగించి తలుపు పెట్టించారు. నలుగురు ఖలాసీలు దాన్ని మోసుకుని నిచ్చెనదారిలో దించారు. గదిలో పెట్టాక "తలుపు తియ్యి బాబూ" అన్నారు. సగం తెరుచుకుని గోడ బద్దకి తగిలి ఆగిపోయింది. లోపలి కార్డు మార్చాలంటే మనిషి చెయ్యి దూరదు. కొలతల కాగితంలో పెట్టె ఉంది, తెరిచిన తలుపు లేదు.

కంపెనీ మనిషి వచ్చి, ఒప్పుకున్న కాగితం ప్రకారం అంతా సరిగ్గానే ఉందన్నాడు. నిజమే కూడా. "కాగితంలో తలుపు బాగానే తెరుచుకుందండీ, ఓడలోనే తెరుచుకోలేదు" అన్నారు మాస్టారు. మూడు వారాలు ఆ డ్రాయింగు మధ్యగడి ఖాళీగా ఉండిపోయింది. పైనుంచి ఫోన్లొచ్చాయి. నాతో అయితే సంతకం పెట్టించేసేవారే.

ఆఖరికి తలుపు కబ్జాలు ఎడమవైపుకి మార్చిన సవరణ కాగితం ఓ సాయంత్రం వచ్చింది. చూశాను, బాగుంది. ఇక పెట్టెయ్యండి సార్ అన్నాను. ఆయన జేబులో టేపు తడుముకుని, కళ్లజోడు తుడుచుకుని, ప్లైవుడ్డు పెట్టెకి కూడా కబ్జాలు మార్పించమని వడ్రంగికి కబురుపెట్టి మళ్లీ ఓడలోకి దిగారు. యార్డు బస్సు అయిదుంపావుకి. గేటు దగ్గర డ్రైవరు రెండుసార్లు హారను కొట్టి వెళ్లిపోయాడు.